మీనమేషాలు లెక్కించడం ఎక్కడ మొదలైంది?

ఫైలు మీద సంతకం పెట్టని అధికారిని, అభ్యర్థుల జాబితా తేల్చని పార్టీని, పిల్ల నచ్చిందో లేదో కబురు చెయ్యని పెళ్ళివారిని తెలుగులో ఒకే మాటతో దెప్పుతారు: మీనమేషాలు లెక్కిస్తున్నారు. పత్రికల శీర్షికల్లో పడి ఈ మాట ఎంత అరిగిపోయిందంటే, మీనం అంటే చేప, మేషం అంటే పొట్టేలు అన్న సంగతి కూడా ఎవరికీ తట్టదు. చేపనూ పొట్టేలునూ లెక్కపెట్టడానికీ ఎటూ తేల్చుకోలేకపోవడానికీ ఏమిటి సంబంధం?

సంబంధం ఉంది, అదీ కాస్త ఎకసెక్కంగా ఉంది. ఇది తేల్చడం కోసం పుట్టిన లెక్క. ముహూర్తం ఖాయం చెయ్యడానికి వేసే లెక్క. అదే చివరికి తేల్చకపోవడానికి పేరై కూర్చుంది. ఒక్క మీనమేషాలకే ఇలా జరిగి ఉంటే ఏదో పొరపాటున జరిగిందనుకోవచ్చు. మీమాంస అన్న మాటా ఇదే దారిన నడిచింది. నాన్చుడూ అంతే. ఒక పనిని ముగింపుకు తెచ్చే పద్ధతి పేరు, ఆ పని ముగియకపోవడానికి పేరుగా మారడం తెలుగులో పదే పదే కనిపిస్తుంది. కాబట్టి ఈ మాటల పుట్టుక తెలియాలంటే ముందు ఆ పద్ధతి ఎలా సాగుతుందో, ఎక్కడ చిక్కుకుంటుందో చూడాలి.

లెక్క ఎక్కడ చిక్కుకుంటుంది

రాశులు 12. మేషంతో మొదలై మీనంతో ముగుస్తాయి. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు. తూర్పున ఉదయిస్తున్న రాశిని లగ్నం అంటారు. ఒక పగలూ రాత్రీ గడిచేసరికి 12 లగ్నాలూ దాటిపోతాయి, సగటున ఒక్కోదానికి ఐదు ఘడియలు, అంటే రెండు గంటలు. శుభకార్యానికి పంచాంగం తెరిచినవాళ్ళు ముందు రోజును, ఆ తరవాత ఆ రోజులో లగ్నాన్ని ఏరుకోవాలి.

పెళ్ళినే తీసుకుందాం. 27 నక్షత్రాల్లో పెళ్ళికి సాధారణంగా ఒప్పుకునేవి 11: రోహిణి, మృగశిర, మఖ, ఉత్తర, హస్త, స్వాతి, అనూరాధ, మూల, ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర, రేవతి. సగానికి పైగా రోజులు ఈ ఒక్క జల్లెడలోనే జారిపోయాయి. తరవాత తారాబలం. జన్మ నక్షత్రం నుంచి ఆనాటి నక్షత్రం దాకా లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 9తో భాగిస్తారు. శేషం 1 అయితే జన్మతార, 2 సంపత్తు, 3 విపత్తు, 4 క్షేమం, 5 ప్రత్యక్, 6 సాధన, 7 నైధనం, 8 మిత్ర, ఏమీ మిగలకపోతే పరమమిత్ర. 2, 4, 6, 8, 9 మంచివి. 3, 5, 7 పనికిరావు. 1 దగ్గరే పేచీ.

వరుడిది అశ్విని, వధువుది పుష్యమి అనుకుందాం. ఆనాటి నక్షత్రం రోహిణి. అశ్విని నుంచి లెక్కిస్తే నాలుగోది, క్షేమం. పుష్యమి నుంచి లెక్కిస్తే 24వది, 9తో భాగిస్తే శేషం 6, సాధన. ఇద్దరికీ బాగుంది. మర్నాడు మృగశిర. వరుడికి ఐదు, ప్రత్యక్. వధువుకు 25, శేషం 7, నైధనం. ఇద్దరికీ చెడింది. ఇంకో పన్నెండు రోజులాగితే అనూరాధ వస్తుంది. వరుడికి 17, శేషం 8, మిత్రతార. వధువుకు 10, శేషం 1, జన్మతార. ఇక్కడ లెక్క అయిపోతుంది, మాట మొదలవుతుంది. జన్మతార ఫరవాలేదనేవారు ఒకరు, కూడదనేవారు ఇంకొకరు.

సరే, రోహిణే ఖాయం చేశారనుకుందాం. ఆ రోజులో వర్జ్యం సుమారు నాలుగు ఘడియలు, అంటే గంటన్నర పైచిలుకు. దుర్ముహూర్తం 48 నిమిషాలు, వారంలో కొన్ని రోజుల్లో అది రెండుసార్లు వస్తుంది. రాహుకాలం పగటిలో ఎనిమిదో వంతు, దాదాపు గంటన్నర. ఇవన్నీ తీసేశాక మిగిలిన లగ్నాల్లో, ఆ లగ్నం నుంచి ఏడో ఇల్లూ ఎనిమిదో ఇల్లూ, అంటే ఏడో రాశీ ఎనిమిదో రాశీ, గ్రహాలు లేకుండా ఖాళీగా ఉన్నాయా అని చూడాలి. అన్ని నియమాలూ ఒకేసారి తీరే ఘడియ చాలా నెలల్లో దొరకదు. కాబట్టి అనుభవమున్నవారు ఏ దోషాన్ని వదిలెయ్యవచ్చో ముందే తేల్చుకుని లెక్కకు కూర్చుంటారు. ఆ తెగువ లేనివారి లెక్క మేషం నుంచి మీనం దాకా వెళ్ళి, మళ్ళీ మేషం దగ్గర మొదలవుతుంది. జాతీయం దెప్పుతున్నది సరిగ్గా ఈ రెండో రకం మనిషిని. లెక్క రాక ఆగినవాడికి ఈ మాట వర్తించదు. లెక్క వచ్చీ ఆపలేనివాడికే వర్తిస్తుంది.

మీనమూ మేషమే ఎందుకు?

పన్నెండింటిలో ఈ రెంటినే ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకు కనీసం మూడు జవాబులు చెప్పవచ్చు. మూడూ వినడానికి ముచ్చటగానే ఉంటాయి.

మొదటిది ఆద్యంతాల జవాబు. మేషం మొదలు, మీనం తుది. రెండు కొసలు పట్టుకుంటే మొత్తం చేతికొచ్చినట్టే. ఆమూలాగ్రం అన్నా, ఆబాలగోపాలం అన్నా మన భాషలో జరిగేది ఇదే. పైగా మాటలో మేషం కంటే మీనం ముందు వచ్చింది: తుది, ఆ వెంటనే మొదలు. చక్రం ఒక చుట్టు తిరిగి మళ్ళీ అందుకున్న చోటు అది.

రెండోది గండాంతపు జవాబు. మీనంలో చివరి నక్షత్రం రేవతి, మేషంలో మొదటిది అశ్విని. ఈ రెంటి అతుకును జ్యోతిషం గండాంతం అంటుంది. ఇలాంటి అతుకులు మూడే ఉన్నాయి, మిగతావి ఆశ్లేష మఖల మధ్య, జ్యేష్ఠ మూలల మధ్య. ఆ సందులో పడిన సమయం మంచిది కాదు కాబట్టి ఇది మీనమా మేషమా అని జంకుతూ లెక్కపెట్టారని ఒక ఊహ.

మూడోది గడియారపు జవాబు. మన అక్షాంశాల్లో అన్ని లగ్నాలూ ఒకే నిడివి ఉండవు. మీన, మేష లగ్నాలు తొందరగా దాటిపోయేవి. సగటు రెండు గంటలైతే ఇవి ఇంచుమించు గంటన్నర, గంటా ముప్పావులోనే ముగుస్తాయి. లెక్క తేలేలోపే లగ్నం జారిపోయిందని ఎగతాళి చెయ్యడానికి బ్రహ్మాండంగా కుదురుతుంది.

ఇలాంటి చోటే పొరపాటు జరిగేది. మూడో జవాబులో అంకెలున్నాయి కాబట్టి అది ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది. కానీ ఖగోళంలో నిజమైనదల్లా మాట పుట్టుకకు సాక్ష్యం కాదు. సాక్ష్యం కోసం ఇరుగుపొరుగు భాషల్లోకి వెళ్ళాలి. కన్నడంలో మీనమేష ఎణిసు అంటారు, ఎణిసు అంటే లెక్కించు. అర్థం అచ్చం మనదే, జాగు చేయడం. హిందీలో ఇదే జంట మీన్‌మేఖ్‌గా ఉంది. మేషంలోని ష అక్కడ ఖ అయింది. భాష భాఖా, వర్ష బర్‌ఖా అయినట్టే. అయితే ఇవాళ్టి హిందీలో మీన్‌మేఖ్ తియ్యడం అంటే తప్పులు వెదకడం, పెట్టిన ప్రతిదానికీ వంకలు పెట్టడం.

ఒకే జంట మాట దక్షిణాన జాగు అయింది, ఉత్తరాన వంక అయింది. పుట్టుక ఏదైనా సరే, అది రెండు అర్థాలనూ మొయ్యగలగాలి. లగ్నం తొందరగా జారిపోతుందన్న జవాబు జాగును మోస్తుంది, వంకను మొయ్యలేదు. గండాంతం జవాబు జంకును మోస్తుంది, అంతకు మించి సాగదు. మొదటి కొస నుంచి చివరి కొస దాకా ప్రతి ఇంటినీ దోషం కోసం తడమడం అన్న జవాబొక్కటే రెంటికీ సరిపోతుంది. తడిమినవాడికి దొరికిన దోషం మీద హిందీ చూపు పడింది. తడుముతుండగా పోయిన పొద్దు మీద తెలుగు, కన్నడాల చూపు పడింది. మూడింటిలో ఆద్యంతాల జవాబే గట్టిది. అందులో చెప్పుకోవడానికి కథ తక్కువ కాబట్టే అది అంత ప్రచారంలోకి రాలేదేమో.

మీమాంస: శాస్త్రం రెండో మెట్టు మీద ఆగింది

వెళ్ళాలా వద్దా అన్న మీమాంసలో పడ్డాడు అంటాం. ఈ వాక్యం మీమాంసా శాస్త్రం చదువుకున్నవారి చెవిన పడితే నవ్వు రావాలి. ఆలోచించు అనే అర్థమున్న ధాతువుకు కోరికను తెలిపే ప్రత్యయం చేరి పుట్టిన మాట అది. తెలుసుకోవాలన్న పట్టుదలతో చేసే విచారణ అని అర్థం. జైమిని సూత్రాలతో మొదలైన పూర్వమీమాంస పనల్లా వేదవాక్యానికి అర్థం తేల్చడం, ఏ కర్మ ఎలా చెయ్యాలో తీర్పు చెప్పడం. న్యాయస్థానంలో తీర్పు రాసినట్టు రాస్తారు. ఒక్కో చర్చను అధికరణం అంటారు, దానికి ఐదు అంగాలు: చర్చకు వచ్చిన వాక్యం విషయం, దాని మీద పుట్టిన అనుమానం సంశయం, ఎదుటివారి వాదం పూర్వపక్షం, నిలబడిన వాదం సిద్ధాంతం, ఇది మిగతా గ్రంథంతో ఎలా అతుకుతుందో చెప్పేది సంగతి.

తెలుగు వాడుక రెండో అంగం దగ్గర దిగిపోయింది. సంశయానికి మొత్తం శాస్త్రం పేరు పెట్టేసి, మిగతా మూడింటినీ వదిలేసింది. ఇందులో ఇంకో చమత్కారం ఉంది. రెండు దారులనూ తెరిచి ఉంచడం ఈ శాస్త్రానికి బొత్తిగా గిట్టదు. వరి ధాన్యంతోనైనా యాగం చెయ్యవచ్చు, యవలతోనైనా చెయ్యవచ్చు అన్నట్టు రెండు విధులు ఎదురైతే దాన్ని వికల్పం అంటారు. వికల్పానికి ఎనిమిది దోషాలు అంటగట్టి, వేరే గతి లేనప్పుడు తప్ప ఒప్పుకోకూడదని మీమాంసకులు తీర్మానించారు. అంత కచ్చితమైన శాస్త్రం పేరు తెలుగువారి నోట అదా ఇదా అన్న ఊగులాటకు పేరయింది.

కావ్యమీమాంస, ధర్మమీమాంస వంటి సమాసాల్లో మాత్రం పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది. దీన్నిబట్టి ఒక ఆనవాలు పట్టుకోవచ్చు. సమాసం చివర నిలిస్తే విచారణ, లో అనే విభక్తి తగిలించుకుని పడు, ఉండు క్రియల పక్కన చేరితే ఊగులాట.

న్యాయశాస్త్రం సంశయాన్ని ఇంత చులకన చెయ్యలేదు. తాను లెక్కపెట్టిన 16 పదార్థాల్లో సంశయానికి మూడో స్థానం, నిర్ణయానికి తొమ్మిదో స్థానం ఇచ్చింది. మసక వెలుతురులో దూరంగా నిలువుగా ఏదో కనిపిస్తోంది, అది మోడా మనిషా? ఇది వారి పాఠంలో మొదటి ఉదాహరణ. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మోడా మనిషా అన్నది ఉన్నదాని గురించిన అనుమానం. దగ్గరికి వెళ్ళి చూస్తే తీరిపోతుంది. వెళ్ళాలా వద్దా అన్నది చెయ్యవలసినదాని గురించి. ఎంత దగ్గరికి వెళ్ళినా అది తీరదు. మొదటిదానికి సందేహం, సంశయం సరైన మాటలు. రెండోదానికి సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నది కింకర్తవ్య విమూఢత, ఏం చెయ్యాలో తెలియని మొద్దుబారినతనం. పలకడానికే ఊపిరి చాలదు కాబట్టి అది పత్రికాఫీసు గడప దాటి ఇళ్ళలోకి రాలేదు.

సందేహం, సందిగ్ధం ఒకే ధాతువు పిల్లలు. ఆ ధాతువుకు పూయడం, అలకడం అని అర్థం. సందిగ్ధం అంటే మొదట పులిమేసినది. గీసిన గీత మీద చెయ్యి పడి అలుక్కుపోతే ఏది ఏదో తెలియనట్టు అన్నమాట. దేహం కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. సందేహంలో దేహం ఉందని చెప్పుకునే వేదాంతపు చమత్కారాలకు వ్యాకరణంలో ఇంతవరకే ఆధారం.

కటువైన మాటలు మెత్తబడ్డ తీరు

తర్జనభర్జనలో మొదటి సగం సూటిగా ఉంది. తర్జనం అంటే బెదిరింపు. చూపుడువేలికి తర్జని అన్న పేరు ఆ వేలు ఆడించి బెదిరిస్తాం కాబట్టే వచ్చింది. రెండో సగమే విచిత్రం. భర్జనం అంటే వేయించడం. బెదిరించి వేయించడం అన్న అర్థంలో ఈ జంట ఎందుకు కుదిరింది? సంస్కృతంలో తర్జన పక్కన సహజంగా నిలిచే మాట భర్త్సన, అంటే తిట్టడం. త్స అన్న జంటాక్షరం నాలుకకు అడ్డం పడి, తర్జనతో ప్రాస కుదిరే భర్జన ఆ చోటులోకి వచ్చి ఉంటుందన్నది సబబైన వివరణ. బెదిరింపులూ తిట్లూ ఎగిరిపోయి, నలుగురు కూర్చుని ఎంతకీ తెమలని చర్చ చెయ్యడం అనే అర్థం మిగిలింది. అయినా పాత వేడి కొద్దిగా అంటిపెట్టుకునే ఉంది. ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించేవాణ్ణి తర్జనభర్జన పడుతున్నాడంటే, వాడి మనసులో ఇద్దరు మనుషులు కలబడుతున్నట్టు వినిపిస్తుంది.

శషభిషలు ఇంకో తరహా. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తెలుగుకు వర్ణాలు 36 అని లెక్క తేల్చాడు. ఖ, ఘ, భ లాంటి ఒత్తక్షరాలు ఆ లెక్కలో లేవు, శ, ష కూడా లేవు. ఇప్పుడు శషభిషలు అని పలికి చూడండి. మొదటి నాలుగు హల్లుల్లో ఒక్కటి కూడా ఆ 36లోది కాదు. అచ్చ తెలుగు నోటికి అలవాటు లేని ధ్వనులనే వరసగా పేర్చి, సూటిగా రాని మాటకు బొమ్మ కట్టినట్టుంది. ఈ మాటను ఏదో నక్షత్రానికో శ్లోకానికో ముడిపెట్టే ముందు ఈ ధ్వని సంగతి పట్టించుకోవాలి. వాడుకలోనూ దీనికి ఒక నియమం ఉంది: దాదాపు ఎప్పుడూ లేమితోనే వస్తుంది. శషభిషలు లేకుండా చెప్పాడు అంటాం, ఈ శషభిషలెందుకు అంటాం. శషభిషలతో చెప్పాడు అంటే చెవికి ఎక్కడో కుంటుతుంది.

తటపటాయించడంలో ముందు భాగం చప్పుడు, వెనక భాగం ఉర్దూ నుంచి వచ్చిన క్రియలకు అలవాటైన తోక. దబాయించు, ఫిరాయించు, చలాయించు, పురమాయించు అన్నీ ఆ అచ్చులో పోసినవే. తెలంగాణలో ఆలోచించడానికి వాడే సోంచాయించు కూడా. ఆ తోక ఒకసారి ఇంట్లో పడ్డాక సొంత చప్పుళ్ళకూ తగిలించుకున్నాం.

ఒంటి కదలికల నుంచి వచ్చినవి

దేశి మాటల దగ్గరికి వచ్చేసరికి శాస్త్రాలు కనబడవు, కదలికలు కనబడతాయి. ఊగిసలాటలో ఉన్నది ఊగు. తమిళంలో ఊసల్ అంటే ఉయ్యాల, ఊసలాట్టం అంటే మనసు ఊగిసలాట. కన్నడంలో హొయ్దాట, తొళలాట ఇదే కోవలోవి. మూడు భాషల్లోనూ చివరనున్న ఆట ఒకటే: కొట్లాట, పెనుగులాట, వెతుకులాటల్లో ఉన్న ఆట. ఒకసారి జరిగి ఆగిపోయే పనికి ఆట తగలదు. అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ జరిగేదానికే తగులుతుంది.

సంస్కృతం కూడా ఉయ్యాలనే పట్టుకుంది. దోల అంటే ఉయ్యాల, ప్రాకృతంలో డోల అయింది, డోలాయమానం అందులోంచి వచ్చింది. ఊగుతూ ఉన్న అని అర్థమిచ్చే విశేషణం అది. అతడి భవిష్యత్తు డోలాయమానంలో పడింది అని రాస్తే, ఊగుతూ ఉన్నలో పడింది అన్నట్టు. డోలాయమానంగా ఉంది, డోలాయమాన స్థితిలో ఉంది అనేవి కుదురుతాయి. పత్రికలు మొదటి రూపాన్నే ఖాయం చేసేశాయి, ఇక దాన్ని వెనక్కి తిప్పడం కష్టం. ఆందోళన కూడా ఉయ్యాల ఊపే. ఆ ఊపు తెలుగులో ఇంట్లో కంగారయింది, వీధిలో ధర్నా అయింది. ఊగిసలాటకు దగ్గరి చుట్టమని దాన్ని చూసి ఎవరూ అనుకోరు.

గుంజాటన విషయంలో మాండలికం ఆనవాలు తేటగా కనిపిస్తుంది. తెలంగాణలో లాగడానికి రోజువారీ మాట గుంజడమే: తాడు గుంజు, చెయ్యి గుంజకు. కోస్తాలో ఆ చోటును లాగు ఆక్రమించింది, గుంజడం డబ్బు గుంజడానికీ, రాత్రిళ్ళు కాళ్ళు గుంజడానికీ పరిమితమైంది. కానీ గుంజాటన అన్న నామం అన్ని ప్రాంతాల రచనల్లోనూ బతికింది. కాళ్ళు గుంజడంలో ఉన్న నొప్పి ఈ మాటలోనూ ఉంది, అందుకే ఊగిసలాట దీనికి బదులు రాదు. ఊగేవాడికి నొప్పి ఉండనక్కరలేదు. రెండు వైపుల నుంచీ లాగబడేవాడికి ఉంటుంది. ఊళ్ళో తల్లిని వదల్లేక, పట్నంలో ఉద్యోగాన్ని వదల్లేక నలిగేవాడిది గుంజాటన. ఏ రంగు చొక్కా కొనాలో తేలనివాడిది ఊగిసలాట. అతడిది గుంజాటన అంటే నవ్వులాట.

వెనకాముందాడడం ఇంకా మామూలు మాట. తెలంగాణ నోట అది ఎనకముందు అయితుండు అన్న రూపంలోనూ వినిపిస్తుంది. అడుగు ముందుకు వేసి వెనక్కి తీసుకోవడం కళ్ళకు కట్టినట్టుంటుంది, వివరణతో పని లేదు. అయినా ఇలాంటి మాటలు పదకోశాల్లో పలచగానే దొరుకుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయానిది, తరవాతిది చేనేతది. నాగలి భాగాలకూ మగ్గం భాగాలకూ ఏ మండలంలో ఏ పేరుందో అందులో దొరుకుతుంది. వృత్తి పదాల సేకరణ చేతిలో ఉన్న పనిముట్టు పేరు అడుగుతుంది. రైతు విత్తాలా వద్దా అని ఆకాశం వంక చూస్తున్నప్పుడు మనసులో ఉన్నదాని పేరు అడగదు. పనిముట్టు పేరు ఒక్క ప్రశ్నకే వస్తుంది, మనసు క్రియలు పక్కన కూర్చుని గంటలకొద్దీ మాట్లాడిస్తే తప్ప రావు.

నాన్చుడు మాత్రం వంటింట్లో పుట్టినా మీనమేషాల బాపతే. నానబెట్టడం ఒక పనికి మొదటి మెట్టు. మినప్పప్పు నాలుగైదు గంటలు నానితే రుబ్బడానికి వస్తుంది. నానకపోతే పిండి పొంగదు. నానిన దాన్ని రుబ్బకుండా వేసవిలో ఒక రాత్రీ పగలూ వదిలేస్తే నురగ కట్టి, జిగురు తేలి, వాసనేస్తుంది. విషయాన్ని నాన్చుతున్నారు అన్నప్పుడు తెలుగువారు పట్టిన తప్పు నానబెట్టడం కాదు, రోలు దగ్గరికి వెళ్ళకపోవడం. అందుకే ఈ క్రియకు కర్త ఎప్పుడూ అధికారం చేతిలో ఉన్నవాడే. రుబ్బే పని తనది కానివాణ్ణి నాన్చుతున్నాడని ఎవరూ అనరు.

ఏది ఎక్కడ అతుకుతుంది

ఇన్ని మాటలున్నాయి కదా అని ఒకదాని బదులు ఒకటి వాడితే వాక్యం చెడుతుంది. మొదట చూడవలసింది మనుషుల సంఖ్య. మల్లగుల్లాలు పడడానికి, తర్జనభర్జనకు ఇద్దరో ముగ్గురో ఉంటే నిండుగా ఉంటుంది. తటపటాయించడం, గుంజాటన ఒక్కడివి. రెండోది, ఎవరు ఎవరిని అంటున్నారన్నది. నేను గుంజాటన పడుతున్నాను అని చెప్పుకోవచ్చు, సానుభూతి కూడా దొరుకుతుంది. నేను మీనమేషాలు లెక్కిస్తున్నాను అని ఎవరూ తమ గురించి చెప్పుకోరు, అది ఎదుటివాడి మీద వేసే నింద. నాన్చడమూ అంతే. మూడోది నిడివి. తటపటాయింపు క్షణాల పని: గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రమ్మన్నాక కూడా ఒక్క క్షణం తటపటాయించాడు. దాన్ని ఆరు నెలల పాటు తటపటాయించారు అని సాగదీస్తే మాట తెగుతుంది. ఆరు నెలలకు మీనమేషాలు కావాలి.

అడకత్తెరలో పోకచెక్క, ముందు నుయ్యి వెనక గొయ్యి, కరవమంటే కప్పకు కోపం విడవమంటే పాముకు కోపం లాంటివి ఈ కుటుంబంలోకి రావు. అవి చిక్కులో పడినవాడి పరిస్థితిని చెబుతాయి. పోకచెక్క తేల్చుకోవడానికి ఏమీ లేదు, కత్తెర పట్టినవాడిదే నిర్ణయం. ఈ సామెతలు వాడి ఎవరి జాగునైనా వర్ణిస్తే, తెలియకుండానే వాడికి మినహాయింపు ఇచ్చినట్టవుతుంది. రాజకీయ వార్తల్లో ఈ జారుడు తరచూ కనిపిస్తుంది. నిర్ణయం చెయ్యవలసిన నాయకుణ్ణి అడకత్తెరలో పోకచెక్క అని రాసేస్తారు. చేతిలో అడకత్తెర ఉన్నవాడే ఆయన.

ఇక తేల్చుకోలేకపోవడం లోపల ఉండగా పైకి మాట్లాడవలసి వస్తే, దానికి వేరే మాటలున్నాయి. నసగడం, నీళ్ళు నమలడం. నమలడానికి నీళ్ళలో ఏమీ లేదు, దవడ మాత్రం ఆడుతూ ఉంటుంది. మీనమేషాలు లెక్కించినవాడు పెళ్ళివారి ఫోను ఎత్తగానే చేసే పని అదే.